ఐదు ఊళ్ల లెడ్జర్: సర్వీసు ఆగే ముప్పును గేమ్ థియరీతో లెక్కగట్టిన కేసు

ఒడిశా దక్షిణ జిల్లాల్లో ఐదు పరపతి సంఘాలు ఉమ్మడిగా నడుపుకునే ఖాతాల సర్వీసు ఇది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఒక్కో సర్వర్ ఉంది. సంఘాల పేర్లు తీసేశాం. రూపాయలూ శాతాలూ చేత్తో లెక్క చూసుకోవడానికి వీలుగా గుండ్రం చేశాం.

ఈ అయిదు సర్వర్లనే నోడ్లు అందాం. అవి రాఫ్ట్ అనే పద్ధతిలో పనిచేస్తాయి: నోడ్లు ఓటేసి ఒకదాన్ని లీడర్‌గా ఎన్నుకుంటాయి, ఎంట్రీలు దాని ద్వారానే మిగతావాటికి చేరతాయి. జమా అయినా ఖర్చు అయినా కనీసం మూడు నోడ్ల డిస్కుల్లో పడ్డాకే ఎంట్రీ ఖాయమవుతుంది. ఏ రెండు నోడ్లు పోయినా పని సాగుతుంది. మూడోది కూడా పోతే అయిదు ఊళ్లలోనూ కౌంటర్లు ఒకేసారి ఆగిపోతాయి. కౌంటర్లకు మొబైల్ డేటా ఉంది, ఏ నోడ్ బతికి ఉంటే దానికి తగులుకుంటాయి. ఈ చివరి వాక్యం మామూలు డిజైన్ వివరంలా కనిపిస్తుంది గానీ, ముప్పు మొత్తానికి మూలం అక్కడే ఉంది.

మొదటి అంచనాలో సర్వీసు నెలకు 3 నిమిషాలు ఆగుతుందని ఉంది. లెక్కలో తప్పు లేదు. నోడ్ ఒక్కొక్కటి 2 శాతం సమయం పడిపోతుందనుకుంటే, అయిదింట్లో మూడో అంతకు మించో ఒకేసారి పడే అవకాశం 0.0000776. నెలకు 720 గంటలు కాబట్టి 0.056 గంట, అంటే సుమారు 3 నిమిషాలు. చిక్కల్లా ఆ 2 శాతంతోనే. అది బ్యాకప్ ఉన్న నోడ్ అంకె. బ్యాకప్ లేకపోతే అదే నోడ్ వానాకాలంలో 10 శాతం సమయం పడిపోతుంది. బ్యాకప్ కొనాలా వద్దా అన్నది ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకుంటుంది. కాబట్టి ఆ 2 శాతాన్ని యంత్రం గుణంగా రాసుకోకూడదు. అది ఒక కమిటీ తీర్మానం మీద ఆధారపడిన అంకె, ఆ తీర్మానం మిగతా నాలుగు కమిటీలు ఏం చేస్తాయన్న ఊహ మీద ఆధారపడుతుంది. "బరంపురం వాళ్లు పెట్టారు కదండీ, మళ్లీ మనకెందుకు?" అని గుణుపురం కార్యదర్శి అడిగితే అది బద్ధకం కాదు, ఆయన సంఘం కోణం నుంచి సరైన లెక్క. ముప్పు అంచనా ఆ లెక్కను కూడా చేయాలి. ఒకరి నిర్ణయం ఫలితం మిగతావాళ్ల నిర్ణయాల మీద ఆధారపడే ఇలాంటి పరిస్థితినే గేమ్ థియరీ ఆట అంటుంది.

ఆటను కాగితం మీద పెట్టడం

బ్యాకప్ అంటే ఇక్కడ రెండో ఇంటర్నెట్ లైను, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్, నెలకోసారి పరీక్ష. బ్యాటరీ ధరను దాని ఆయుష్షు మీద పంచి, డిస్టిల్డ్ వాటర్, మనిషి కూలి కలిపితే నోడ్‌కు నెలకు 2,500 రూపాయలు. బ్యాటరీ మీద రాసిన శక్తి 1,800 వాట్ అవర్లు. సగానికి మించి వాడకూడదు, ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం, కాబట్టి చేతికొచ్చేది 765. సర్వర్, రూటర్, స్విచ్ కలిసి 150 వాట్లు తీసుకుంటే 5 గంటలు వస్తుంది. అంతకన్నా పొడవైన కరెంటు కోతలు మిగిలిన 2 శాతంలోకి వెళతాయి.

సర్వీసు గంటసేపు ఆగితే బరంపురానికి 4,000, జయపురానికి 1,500, రాయగడకు 1,000, పర్లాకిమిడికి 500, గుణుపురానికి 500 రూపాయల నష్టం. మొత్తం 7,500.

ఒక నోడ్ బ్యాకప్ విలువ కీలక స్థితి మీద ఆధారపడుతుంది. మిగతా నాలుగింట్లో సరిగ్గా రెండు పడిపోయి ఉన్నప్పుడే ఈ నోడ్ బతకడం, చావడం సర్వీసు గతిని మారుస్తుంది. మిగతావాటిలో ఒక్కదానికీ బ్యాకప్ లేకపోతే ఆ అవకాశం 6 × 0.1 × 0.1 × 0.9 × 0.9, అంటే 0.0486. బ్యాకప్ వల్ల నోడ్ పడే అవకాశం 0.08 తగ్గుతుంది. రెండూ గుణించి 720తో గుణిస్తే 2.80 గంటలు. మొదటి బ్యాకప్ నెలకు ఆదా చేసే సమయం అది. అదే పద్ధతిలో రెండో బ్యాకప్ 1.80 గంటలు ఆదా చేస్తుంది, మూడోది 0.98, నాలుగోది 0.39, అయిదోది 0.13. ఎవరికీ బ్యాకప్ లేకపోతే సర్వీసు నెలకు 6.16 గంటలు ఆగుతుంది కాబట్టి, వరసగా తీసివేస్తూ పోతే 3.36, 1.56, 0.58, 0.19, 0.056 గంటలు మిగులుతాయి.

ఇప్పుడు ఒక్కో సంఘం కుర్చీలో కూర్చుని చూడాలి. గుణుపురానికి, పర్లాకిమిడికి అందరికన్నా ముందు తామే కొన్నా మిగిలేది 2.80 × 500, అంటే 1,400 రూపాయలు. ఖర్చు 2,500. మిగతావాళ్లు ఏం చేసినా సరే, ఈ రెండూ కొనవు. రాయగడకు మొదటి బ్యాకప్ తనదే అయితే 2,800 వస్తుంది, గిట్టుబాటు. రెండోది అయితే 1,800, గిట్టదు. జయపురానికి రెండోదైనా 2,706 వస్తుంది, మూడోదైతే 1,467. బరంపురానికి మూడోదైనా 3,900 పైన వస్తుంది, నాలుగోదైతేనే 1,572కి పడుతుంది. బరంపురం ఎలాగూ కొంటుంది. అది తెలిసిన రాయగడ ఆగుతుంది, జయపురం కొంటుంది. ఒక్కరు తన నిర్ణయం మార్చుకుని లాభపడలేని స్థితి ఇదొక్కటే: బరంపురం, జయపురం కొనడం, మిగతా మూడూ కొనకపోవడం. గణితవేత్త జాన్ నాష్ 1950లో చెప్పిన సమతౌల్యం ఇదే.

కాబట్టి ముప్పుల రిజిస్టర్‌లో రాయాల్సిన ముప్పు 3 నిమిషాలు కాదు, నెలకు 1.56 గంటలు. దాదాపు 28 రెట్లు తేడా. ఒక్క యంత్రం కూడా అనుకున్నదానికన్నా నాసిరకంగా లేదు.

ఉమ్మడిగా చూస్తే గంటకు 7,500 నష్టం మీద లెక్కించాలి. మూడో బ్యాకప్ 7,337 ఆదా చేస్తుంది, నాలుగోది 2,947, అయిదోది 996. అంటే నాలుగు కొనాలి, అయిదోది దండగ. సమతౌల్యంలో బ్యాకప్ ఖర్చు, నష్టం కలిసి నెలకు 16,699. నాలుగు కొంటే 11,415. ఈ రెండింటి నిష్పత్తి 1.46. ఎవరికి వారు నిర్ణయించుకోవడం వల్ల అయిదుగురూ కలిసి కట్టే అదనపు మూల్యం 46 శాతం. ఇలాంటి నిష్పత్తితో వ్యవస్థలను కొలవడం 1999లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు కౌట్సూపియాస్, పాపాడిమిట్రియూ మొదలుపెట్టారు.

కౌంటర్ల సంగతికి తిరిగి వద్దాం. ఒక ఊరి కౌంటర్లు ఆ ఊరి నోడ్ మీదే ఆధారపడి ఉంటే, బ్యాకప్ ఒక్కో సంఘానికి నెలకు 0.08 × 720, అంటే 57.6 గంటలు మిగులుస్తుంది. గుణుపురానికి కూడా 28,800 రూపాయలు. అప్పుడు ఎవరికీ నచ్చజెప్పే పనే లేదు, అయిదూ కొంటాయి. కౌంటర్ ఏ నోడ్‌కైనా తగులుకోగలిగేలా చేసిన మంచి ఏర్పాటే యజమానికి తన నోడ్‌ను కాపాడుకోవాల్సిన అవసరాన్ని 57.6 గంటల నుంచి మహా అయితే 2.8 గంటలకు దించింది. ఏ డిజైన్ సమీక్షలోనూ ఈ ప్రశ్న రాదు, రావాలి. రిడండెన్సీ (ఒకటి పోతే మరొకటి ఆదుకునే ఏర్పాటు) పెంచిన ప్రతి చోటా దాన్ని పోషించేవాళ్లకు ఇంకా ఏం మిగిలిందో అడగాలి. కౌంటర్లను మళ్లీ సొంత నోడ్‌కే కట్టేయడం మాత్రం పరిష్కారం కాదు, ఆ శిక్ష పాస్‌బుక్ పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషికి పడుతుంది.

ఆట ఆకారం కూడా ముందే చూసుకోవాలి. మూడింట్లో మెజారిటీ, అయిదింట్లో మెజారిటీ లాంటి సర్వీసుల్లో, నోడ్లు సగం కన్నా తక్కువ సమయమే పడేవైతే, పక్కవాడు కొన్న కొద్దీ నా కొనుగోలు విలువ తగ్గుతుంది. లెడ్జర్‌ను అయిదు ముక్కలు చేసి ఒక్కో ఊళ్లో ఒక్కో ముక్క, ప్రతులు లేకుండా పెట్టి ఉంటే కథ తిరగబడేది. అక్కడ అయిదూ బతికితేనే పని, పక్కవాడు కొన్న కొద్దీ నాది విలువైనది అవుతుంది. అందరూ కొనడం, ఎవరూ కొనకపోవడం రెండూ సమతౌల్యాలు కావచ్చు. అలాంటి చోట సబ్సిడీ కన్నా ముందుగా ఒకరు మాట ఇవ్వడం ఎక్కువ పని చేస్తుంది. ఆర్థికవేత్త హిర్ష్‌లైఫర్ 1983లో బలహీనపు లంకె అని వివరించిన పరిస్థితి అది.

ఉమ్మడి నిధి, దాని కన్నాలు

నాలుగు బ్యాకప్‌ల ఖర్చు 10,000ను నష్టాల నిష్పత్తిలో పంచితే బరంపురం 5,333, జయపురం 2,000, రాయగడ 1,333, పర్లాకిమిడి, గుణుపురం చెరి 667. మిగిలిన ఆగుడు నష్టం కలిపితే బరంపురానికి నెలకు 6,088 అవుతుంది, పాత స్థితిలో 8,739. జయపురానికి 2,283, పాతది 4,840. రాయగడకు 1,522, పాతది 1,560. చిన్న సంఘాలకు 761, పాతది 780. అందరికీ లాభమే, కానీ చిన్నవాళ్ల లాభం 19 రూపాయలు. పంతొమ్మిది రూపాయల కోసం ఏ కమిటీ కూర్చోదు. సమావేశంలో దీన్ని దాచకుండా చెప్పడమే మంచిది. బరంపురం, జయపురం తమకు మిగిలే రెండున్నర వేలల్లోంచి కొంత వదులుకుని చిన్న సంఘాల వాటాను 500కు దించినా వాళ్లకు నష్టం లేదు.

మొదటి కన్నం: చందా కట్టకుండా సర్వీసు వాడుకోవడం. మిగతావాళ్లు నాలుగూ నడిపితే గుణుపురానికి కట్టకుండా అయ్యే ఖర్చు 94 రూపాయలే. అందుకని చందాను రాసే హక్కుకు ముడిపెట్టారు. రెండు నెలలు బకాయి పడ్డ సంఘం కౌంటర్లకు ఖాతా చూడటం మాత్రమే ఉంటుంది, ఎంట్రీలు గేట్‌వే (కౌంటర్లకూ నోడ్లకూ మధ్య ఉండే ద్వారం) దగ్గరే ఆగుతాయి. ఓటు హక్కు మాత్రం తీయకూడదు. కోపంతో నోడ్‌ను క్లస్టర్ (అయిదు నోడ్ల సమూహం) నుంచి పీకేస్తే నాలుగు నోడ్లు మిగులుతాయి, నాలుగింట్లో మెజారిటీ కూడా మూడే, అంటే ఇక ఒక్క నోడ్ మాత్రమే పడొచ్చు. శిక్ష అందరి మీదా పడుతుంది.

రెండోది: నష్టం ఎంతో సంఘాన్ని అడిగితే తక్కువ చెబుతుంది, వాటా తగ్గుతుంది కనుక. అడగొద్దు. లెడ్జర్ లాగ్‌లో గత మూడు నెలల పని గంటల ఎంట్రీల సంఖ్యే కొలత. అది అయిదు చోట్లా ఒకేలా ఉంటుంది, ఒకరు మార్చలేరు. ఒడియాలో రాసే కరెంటు కోతల పుస్తకాలను కూడా చూశారు గానీ, అవి కారణాలు తెలుసుకోవడానికే తప్ప డబ్బు లెక్కకు వాడలేదు.

మూడోది పెద్దది: బ్యాకప్ కొన్నామని బిల్లు పెట్టి నడపకపోవడం. బ్యాటరీలో నీళ్లు పోయకపోతే ఆరు నెలల్లో 5 గంటలు గంటన్నర అవుతుంది, బిల్లు మాత్రం అంతే ఉంటుంది. నోడ్ తన హాజరు తానే చెప్పుకోకూడదు. మిగతా నాలుగు నోడ్లు నిమిషానికోసారి దాన్ని పలకరించి, సమాధానం వచ్చిందో లేదో తమ దగ్గర రాసుకుంటాయి, కనీసం మూడింటికి అందకపోతేనే ఆ నిమిషం గైర్హాజరు. నిధి నుంచి నెలకు 2,500 ముందుగా ఇవ్వరు, హాజరు 98 శాతం దాటితే నెలాఖరున ఇస్తారు. దానితోపాటు నెలకోసారి, ముందుగా చెప్పని రోజున, మెయిన్ ఎంసీబీ దించి 30 నిమిషాలు ఆగుతారు. మొదటి లైను కూడా పీకుతారు. ఈ పరీక్ష ఒకేరోజు రెండు ఊళ్లలో పెట్టకూడదు, పరీక్షలో ఉన్న నోడ్‌తో కలిసి మరో రెండు పడితే సర్వీసును పరీక్షే ఆపినట్టవుతుంది.

తుపాను: లెక్క విరిగే చోటు

పై అంకెలన్నీ నోడ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడతాయన్న ఊహ మీద నిలబడ్డాయి. ఈ జిల్లాల్లో అక్టోబరు ఆ ఊహను ఒప్పుకోదు. పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, అది బరంపురం వాకిలే. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను దెబ్బతీసింది, వంశధార పొంగింది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ఒకే దెబ్బ కింద ఉన్నాయి. అయిదులో మూడు. అంటే ఒక్క తుపానుకే క్వోరం (పని సాగడానికి కావలసిన మూడు ఓట్లు) పోతుంది. ఇరవై నాలుగు గంటలు ఆ మూడూ చీకట్లో ఉంటే, జయపురంలో ఎండ కాస్తున్నా అక్కడి కౌంటర్లు ఆ ఇరవై నాలుగు గంటలూ ఆగుతాయి. అయిదు గంటల బ్యాటరీ దీనికి మందు కాదు, ఎంత సబ్సిడీ ఇచ్చినా కాదు.

మందు ఓటును కదిలించడమే. గుణుపురం నోడ్‌ను ఓటు లేని అనుసరణ ప్రతిగా మార్చి, దాని ఓటును హైదరాబాదులో అద్దెకు తీసుకున్న సర్వర్‌కు ఇచ్చారు. గుణుపురం వాళ్ల డేటా వాళ్ల ఊళ్లోనే ఉంటుంది, చూడటం అక్కడి నుంచే జరుగుతుంది. ఇప్పుడు తుపానుకు రెండే ఓట్లు పోతాయి. మిగిలిన జయపురం, రాయగడ, హైదరాబాదు మూడూ బతకాలి. మూడింటికీ 2 శాతం చొప్పున అయితే ఆ ఇరవై నాలుగు గంటల్లో ఆగేది 1.41 గంటలు. రాయగడకు బ్యాకప్ లేకపోతే 3.26.

నాలుగు బ్యాకప్‌లే కొంటున్నప్పుడు ఎవరిని వదలాలన్న ప్రశ్న మామూలు రోజుల లెక్కలో తేలదు, అయిదు నోడ్లూ సమానం. తుపాను లెక్క దాన్ని తేలుస్తుంది. మామూలు రోజున షేప్లీ విలువ (ఫలితాన్ని తేల్చడంలో ఒక్కొక్కరి వాటాను కొలిచే పద్ధతి) ప్రకారం ప్రతి ఓటుకూ అయిదో వంతు బరువు. తుపాను రోజున రాయగడ, జయపురం, హైదరాబాదులకు మూడో వంతు చొప్పున, తీరం వైపు రెండింటికీ సున్నా. కాబట్టి రాయగడకు బ్యాకప్ తప్పనిసరి, వదిలేది పర్లాకిమిడిని. రాయగడ ఒంటరిగా చూసుకుంటే, అలాంటి తుపాను నెలలో కూడా తన బ్యాకప్ వల్ల తనకు మిగిలేది 2,240 రూపాయల లోపే, ఇంకా 2,500 కన్నా తక్కువే. జయపురానికి మాత్రం రాయగడ బ్యాకప్ తుపాను నెలలో 2,700 పైన మిగులుస్తుంది. నిధి లేని చోట కూడా జయపురం రాయగడకు డబ్బిచ్చి బ్యాటరీ పెట్టించడం తెలివైన పని.

రెండో లైను సంగతి. రెండు కంపెనీల బిల్లులు వస్తున్నాయి కాబట్టి రెండు లైన్లు ఉన్నాయనుకోవద్దు. ఒకరి ఫైబర్‌ను మరొకరు లీజుకు తీసుకోవడం మామూలే. రోడ్డు వెడల్పు పనిలో ఒక జేసీబీ రెండింటినీ ఒకేసారి తెంపుతుంది. నెట్‌వర్క్ దారిని చూపే ట్రేస్‌రూట్ కమాండ్‌లో ఇది కనిపించదు, దారిలో రూటర్లే తెలుస్తాయి, గొట్టాలు తెలియవు. రెండు లైన్లూ ఏ స్తంభం మీద, ఏ కల్వర్టు కింద వెళుతున్నాయో లైన్‌మన్‌తో నడిచి చూసి కాగితం మీద గీయించాలి. ఒకే గొట్టమని తేలితే ఆ నోడ్‌ను లెక్కలో 10 శాతం వైపుకు జరపాలి. లేదా ఒక లైను ఫైబర్, మరొకటి మొబైల్ టవర్ మీద పెట్టాలి. మొబైల్ లైనుకు మారితే జాప్యం పెరుగుతుంది, కాబట్టి హార్ట్‌బీట్‌ను (లీడర్ తాను బతికే ఉన్నానని పంపే సంకేతాల మధ్య వ్యవధిని) 100 నుంచి 200 మిల్లీసెకన్లకు, ఎన్నిక గడువును (ఆ సంకేతం రాకపోతే కొత్త ఎన్నిక పెట్టే ముందు ఆగే సమయాన్ని) 1,000 నుంచి 2,000కు పెంచారు. పెంచకపోతే బతికున్న లీడర్‌ను చచ్చిందనుకుని నోడ్లు ఊరికే ఎన్నికలు పెడుతూ ఉంటాయి.

రెండో ఆట: మళ్లీ మళ్లీ నొక్కడం

లీడర్ మారే కొద్ది సెకన్లలో 120 కౌంటర్లు ఒక్కొక్కటి 200 మిల్లీసెకన్లకోసారి ప్రయత్నిస్తే సెకనుకు 600 రిక్వెస్టులు. సర్వర్ తీర్చగలిగేది 150. కౌంటర్ 2 సెకన్లే ఓపిక పడుతుంది, అంటే వరసలో 300 దాటితే వెనక ఉన్నవి అందేసరికి అడిగినవాడు వెళ్లిపోయి ఉంటాడు. ఆ 300 నిండటానికి 0.67 సెకను చాలు. తర్వాత సర్వర్ నూరు శాతం పనిచేస్తూనే ఒక్కరికీ ఉపయోగపడదు, కొత్త లీడర్ వచ్చినా సర్వీసు లేవదు. ఇక్కడ కూడా ఒక్క సంఘం తన కౌంటర్లను నెమ్మదిగా పెట్టుకుంటే అది వరసలో వెనకబడుతుంది, మిగతావాళ్లు ముందుంటారు. మర్యాదగా ఉండేవాడే నష్టపోయే ఆట ఇది. కౌంటర్ యాప్‌లో 500 మిల్లీసెకన్లతో మొదలై రెట్టింపు అవుతూ 30 సెకన్ల దాకా పోయే విరామం, అందులో యాదృచ్ఛిక తేడా పెట్టడం అవసరం. కానీ యాప్ సంఘం చేతిలో ఉంటుంది, ఎవరో ఒకరు మార్చేస్తారు. అందుకే గేట్‌వేలో సంఘానికి సెకనుకు 20 రిక్వెస్టుల పరిమితి పెట్టి, మించినవాటిని లీడర్ దాకా పోనీయకుండా అక్కడే తిప్పిపంపారు. అయిదు సంఘాలూ కలిపి 100, సర్వర్ మోయగలదు. గడువు దాటిన రిక్వెస్టును తీయగానే పారేస్తారు. తొందరపడి నొక్కినవాడికి ఇక అదనంగా ఏమీ రాదు కనుక నెమ్మది తనంతట తానే వస్తుంది.

నోడ్ పూర్తిగా పడకుండా మందగించడం వేరే జబ్బు. పాత హార్డ్ డిస్కు మీద లాగ్ రాయడానికి 10 మిల్లీసెకన్లకు మించి పడుతుంటే ఆ నోడ్ హాజరులో 100 శాతం చూపిస్తూనే, దాని ఓటు అవసరమైన రోజున అందరినీ లాగుతుంది. హాజరు లెక్కలోకి డిస్కు జాప్యాన్ని కూడా తెచ్చారు: 99వ శాతాంశం (నూటికి 99 రాతలు ఆ సమయంలోపే పూర్తయ్యే అంకె) 10 మిల్లీసెకన్లు దాటిన రోజు గైర్హాజరే.

నష్టాలు మారితే సమతౌల్యం మారుతుంది. జయపురం నష్టం గంటకు 1,500 నుంచి 1,350కి తగ్గితే రెండో బ్యాకప్ దానికి 2,435 మాత్రమే మిగులుస్తుంది, అది కూడా కొనడం మానేస్తుంది. నిధి లేకపోతే బరంపురం ఒక్కటే మిగిలి సర్వీసు నెలకు 3.36 గంటలు ఆగుతుంది. అందువల్ల ఎంట్రీల సంఖ్య ఏ సంఘంలోనైనా 10 శాతం మారినప్పుడు, లైను ధర మారినప్పుడు, సెప్టెంబరులో తుపాను కాలానికి ముందు ఒకసారి ఈ లెక్క మళ్లీ చేస్తారు. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు: అయిదు వరసలు, ముప్పై రెండు కలయికలు, ప్రతి కలయికలోనూ ఒక్కొక్కరు మారితే ఏమవుతుందో చూసే ఒక కాలమ్.